పైన పూత, లోన రోత

"బండికి రెండు పక్కలా బార్లు పెట్టేస్తున్నామమ్మా, ఇవాళే" అని కొడుకు ఫోన్లో చెప్పిన మాట, మిక్సీ మోతని దాటుకుని అమ్మ చెవిలో పడేసరికి "సందుకి రెండు పక్కలా బార్లు పెట్టేస్తున్నామమ్మా" అయి కూర్చుంది. పోయిన వారం మనం ఆవిణ్ణి వదిలింది సరిగ్గా అక్కడే. జీవితమంతా పరాయి పిల్లలకి నీతిపాఠాలు చెప్పి రిటైరైన హెడ్మిస్ట్రెసు, కన్నకొడుకు సందు కొసన సీసాలు పెట్టుకు కూర్చుంటున్నాడని తెలిస్తే ఊరుకుంటుందా? మిక్సీ ఆపకుండానే, చేతిలో గరిట దించకుండానే, కొడుకు గ్యారేజీ దాకా నడిచొచ్చేసింది.

"ఎక్కడరా నీ బారు?"

ఆ అరుపుకి లోపల స్పానరు జారి కాలిమీద పడింది. కొడుకు, అంటే ఊరందరి గ్యారేజీ అన్న, కుంటుకుంటూ వచ్చి, నేలమీద బారుగా పేర్చిన నల్లటి గొట్టాలు చూపించాడు.

"ఇదుగోనమ్మా."

"ఇదా? మరి సీసాలేవి?"

"సీసాలెందుకమ్మా? బండి పక్కకి పడితే చెల్లి కాలు నలక్కుండా అడ్డం ఉండే గొట్టాలివి. వీటినే సైడ్ బార్లంటారు."

అమ్మ గరిట నెమ్మదిగా దించింది. "ఆ ముక్క ముందే తెలుగులో ఏడవచ్చుగా! వచ్చేదారిలో ఇద్దరికి చెప్పేశాను, మావాడు చెడిపోయాడని."

"వెళ్లేదారిలో ఇంకో ఇద్దరికి చెప్పు, బాగుపడ్డాడని. లెక్క సరిపోతుంది."

బండి దగ్గర నిలబడ్డ చిన్నకూతురు పకపకా నవ్వింది. ఈ పిల్ల పశువుల డాక్టరు. ఇంట్లో వాళ్లు కూడా డాక్టరమ్మా అనే పిలుస్తారు, వెక్కిరింతగా మొదలై అలవాటైపోయిన పిలుపు. కొండమీద పాడి మందలున్నాయి. అక్కడికి నిటారు దారిన మామూలు బండి వెళ్లదు, జీపైతే చుట్టుదారిన చాలాసేపు తిరగాలి. అందుకని ఆస్పత్రి వాళ్లు ఆమెకి లావు టైర్ల ఏటీవీ ఒకటి ఇచ్చారు. స్కూటరుకీ ట్రాక్టరుకీ పుట్టినట్టుంటుంది. ఆమధ్య నిటారు దారిలో అది పక్కకి ఒరిగి, ఆమెని కింద వేసుకుని పడుకుంది. బురద మెత్తగా ఉండబట్టి కాలు దక్కింది. దక్కిన కాలు చూసి అమ్మ ఏడవలేదు. ఒట్టు పెట్టింది. పక్కల అడ్డు లేకుండా మళ్లీ ఆ బండెక్కితే నా మీద ఒట్టు, అని.

కాబట్టి ఇవాళ పరీక్ష గొట్టాలకి కాదు, డాక్టరమ్మకి. ఇవి నిలబడితే రేపటినుంచి మళ్లీ కొండ, మందలు, గాలి. వంగిపోతే టౌన్లో పెంపుడు జంతువుల ఆస్పత్రికి బదిలీ. అక్కడ ఏసీ గదిలో కూర్చుని బొచ్చుకుక్కలకి గోళ్లు కత్తిరించాలి. బదిలీ కోరుతూ అమ్మ చెప్పిన ఉత్తరం రాసి ఇంట్లో సిద్ధంగానే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ.

"నమస్తే అత్తయ్యా! కంపెనీ సరుకు. మీ చిన్నమ్మాయి కాలికి నాదీ హామీ" అంటూ షెడ్డు వెనకనుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు బావ.

ఈయన ఇంటికి పెద్దల్లుడు. పాత మేడలు కూలగొట్టే కాంట్రాక్టరు. కూలిన మేడలోంచి తలుపు, కిటికీ, మెట్టు, గిన్నెలు కడిగే తొట్టి, ఏది దొరికితే అది ఎవరో ఒకరి కొత్తింట్లోకి చేరవేస్తాడు గనక ఊళ్లో సప్లై బావ అంటారు. అందరికీ బావే. డాక్టరమ్మ బండికి ఈ గొట్టాలు వంచి, చివర్లు మూసి, నల్లరంగు కొట్టించి తెచ్చింది ఆయనే. ఇలాంటిదే ఇంకో జత గోడౌన్లో ఉంచాడు. ఉత్తపుణ్యానికి తేలేదు లెండి. ఇవి పాసైతే, చుట్టుపక్కల ఆస్పత్రుల్లో ఉన్న ఇలాంటి బండ్లన్నింటికీ గొట్టాలు సప్లై చేసే ఆర్డరు తనకే రావాలని ఆయన ఆశ. అందుకే భార్యని కూడా తీసుకొచ్చాడు, ఫోటోలు తీయడానికి. అక్క జరీచీర కట్టుకుని, నూనె మరకలకి అందనంత దూరంలో, ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడింది.

"రండి అల్లుడుగారూ, మీరుండగా మాకు దిగులేమిటి" అంది అమ్మ. అల్లుడితో మాట్లాడేటప్పుడు ఆవిడ గొంతు ఒక మెట్టు దిగి, మర్యాద రెండు మెట్లు ఎక్కుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అన్న గ్యారేజీకి ఏ గొట్టం వచ్చినా ముందు దాన్ని స్పానరుతో కొట్టి చెవి పెడతాడు. గట్టిది ఖంగుమంటుంది, పుచ్చుది దగ్గుతుంది. తర్వాత రంపంతో చివర ఒక ఉంగరమంత కోసి, గోడ మందం చూస్తాడు. ఎంత తెలిసినవాడి సరుకైనా సరే. ఈసారి మాత్రం కొట్టలేదు, కోయలేదు. ఎందుకంటే, ఇంటల్లుడు తెచ్చిన సరుకుని కొట్టి చూడడమంటే ఆ ఇంట్లో అల్లుణ్ణి కొట్టడంతో సమానం. పైగా పక్కన అక్క. నోరు మూసుకుని బిగించాడు.

బిగించడం మటుకు బాగానే బిగించాడు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య, కాలు పెట్టుకునే పలకకి బయటివైపు, బండి ఎముకల గూడుకే క్లాంపులు వేసి, బోల్టులు దింపి, నట్టు మీద నట్టు వేశాడు. పొద్దున్నే బండిని శుభ్రంగా కడిగాడు కూడా. నల్లటి పూతతో గొట్టాలు నిగనిగలాడుతున్నాయి. మెరుగంటే మెరుగు!

సీట్లో మనిషి ఉండాలి కదా. బావ పాత ప్యాంటులో ఇసుక నింపి, కాళ్ల కొసలు తాడుతో కట్టి, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోబెట్టారు. మోకాలి చోట ప్యాంటు లోపల చిన్న మట్టి కుండీ పెట్టింది డాక్టరమ్మ.

"అదెందుకు మరదలా?" అన్నాడు బావ.

"మోకాలి చిప్ప. కుండీ పగిలితే నేను కుంటి."

"బొమ్మకి తలకాయ పెట్టలేదేం?"

"ప్యాంటు మీది కదా బావా, అవసరం లేదనుకున్నా."

అక్క కూడా నవ్వాపుకోలేకపోయింది.

అన్న దూలానికున్న చైన్ పుల్లీ కొక్కెం బండి కుడివైపు కిందకి తగిలించాడు. గొలుసు లాగితే ఆ పక్క పైకి లేస్తుంది, లేచి లేచి ఎడమపక్కకి బండి ధబ్బున ఒరుగుతుంది. అదీ పరీక్ష. గొలుసు మీద చెయ్యి వేశాడో లేదో బావ పరిగెత్తుకొచ్చి, ఎడమవైపు నేలమీద గాలి కొట్టిన లారీ ట్యూబులు పరిచాడు.

"రంగు గీసుకుపోతుంది బామ్మర్దీ. ఫోటోలు తీయాలి."

అన్న నోరు తెరిచాడు. అక్కవైపు చూశాడు. నోరు మూశాడు.

గొలుసు లాగారు. బండి లేచింది, ఒక్క క్షణం ఆలోచించింది, ఒరిగింది. ట్యూబులు బుస్సుమని దాన్ని ఒళ్లోకి తీసుకున్నాయి. గొట్టం వంగలేదు. కుండీ పగల్లేదు. ఇసుక బావ సీట్లో ఇసుమంతైనా కదల్లేదు. అక్క ఫోను టకటకలాడింది. బావ ఒక చెయ్యి గొట్టం మీద, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, అప్పుడే పెళ్లికుదిరిన వాడిలా నిలబడ్డాడు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "సరేనే. రేపటినుంచి వెళ్లు. నేనిక అడ్డం రాను."

డాక్టరమ్మకి గుండెల మీదినుంచి ఆ బండే లేచినట్టయింది. బండిని నిలబెట్టాక, గొట్టాన్ని ముద్దుగా నిమరడానికి వంగింది. బోల్టు దిగిన రంధ్రం దగ్గర ఒక చుక్క వేలాడుతోంది. నల్లగా, చిక్కగా. గ్రీజేమో అనుకుని వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

గ్రీజు కాదు.

ఆవుల వెనక భుజం దాకా చెయ్యి పెట్టి దూడల్ని లాగిన మనిషామె. పేడ మీద కూర్చుని భోజనం చేసింది. కుళ్లిన పుండ్లు కడిగింది. ఏ కంపుకీ ముఖం చిట్లించి ఎరగదు. అలాంటిది ఇప్పుడు ముఖం పక్కకి తిప్పేసుకుంది. పశువుల వాసనలన్నీ ఆమెకి తెలుసు. ఇది పశువుది కాదు, మనుషులది. అది కూడా పాతది.

వేలు అలాగే గాల్లో పెట్టుకుని నిలబడిపోయింది. ఎవరూ చూడలేదు. అమ్మ అల్లుణ్ణి మెచ్చుకుంటోంది. అన్న గొలుసు చుడుతున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే రేపు కొండ. నోరు విప్పితే కుక్కల గోళ్లు. ట్యూబుల మీద పడితే దిండైనా నిలబడుతుందని ఆమెకి ఇందాకే తెలుసు. తెలిసీ అననందుకు తనమీద తనకే ఒక రకమైన జుగుప్స పుట్టింది.

"అన్నయ్యా, ఆ ట్యూబులు తీసెయ్. ఉత్త నేలమీద ఇంకోసారి పడేద్దాం."

"ఎందుకు మరదలా, పాసైంది కదా!" బావ నవ్వు పెదాలమీదే ఆగిపోయింది.

"కొండమీద ట్యూబులు పరచరు కదా బావా."

"రంగు పోతే నువ్వు వేయిస్తావా?"

"కాలు పోతే మీరు వేయిస్తారా?"

అన్న ఇక అక్కవైపు చూడలేదు. ట్యూబుల్ని కాలితో తన్ని మూలకి చేర్చాడు. గొలుసు లాగాడు.

సిమెంటు నేలమీద బండి పడ్డ చప్పుడు ఖంగుమనలేదు. దగ్గింది. ముసలి మనిషి గొంతులోంచి వచ్చినట్టు ఒక తడిదగ్గు. గొట్టం మధ్యలోకి మోకాళ్లు ముడిచేసింది. ప్యాంటులో కుండీ పటపటమని పిండైపోయింది. బోల్టు రంధ్రం దగ్గర గొట్టం బెజ్జం బెజ్జంగా చీలి, అందులోంచి, చెప్పకపోతే కథ నడవదు గనక చెబుతున్నాను, మడ్డి వచ్చింది. పొద్దున కడిగిన నీళ్లు బెజ్జాల్లోంచి లోపలికి దూరి, ఎండి అట్టకట్టినదాన్నంతా నానబెట్టి ఉంచాయి. ఇప్పుడది నల్లగా, జిగటగా, బుడగలు బుడగలుగా ఇసుక బావ ప్యాంటుమీదికి పాకి, అసలు బావ బూట్ల దాకా వచ్చి ఆగింది. దాంట్లో సబ్బు జిడ్డుతో ముద్దకట్టిన జుట్టు, విరిగిన దువ్వెన పళ్లు, ఇంకా మనం పోల్చుకోకపోతేనే మంచిదనిపించేవి కొన్ని ఉన్నాయి.

ముక్కులన్నీ ఒకేసారి మూసుకున్నాయి. అక్క చీర కొంగుమీద రెండు చుక్కలు పడ్డాయి. ఆమె వాటిని దులపలేదు, తుడవలేదు, కొంగుని ఒంటికి దూరంగా పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

అన్న గుడ్డ చుట్టుకుని చీలిన అంచు పట్టుకు చూశాడు. లోపల తుప్పు పొరలు పొరలుగా ఊడొస్తోంది. గోడ కాగితమంత మిగిలింది. పైన పూత మాత్రం దిట్టంగా ఉంది. నిజానికి ఇంతసేపూ గొట్టాన్ని నిలబెట్టింది ఆ పూతే.

"ఇది మురుగు గొట్టం" అన్నాడు. "స్నానాలగదిదీ, దాని పక్కగదిదీ. ఏ మేడది బావా?"

బావ బూటు నేలకి రాస్తూ, "కడిగించాను. రెండుసార్లు కడిగించాను. ఇనుమేగా, ఇనుముకి కులమేముంది, గోత్రమేముంది! ఏళ్ల తరబడి మేడలో ఇంటిల్లిపాది బరువూ మోసింది, ఒక్క మరదలి కాలు మోయలేదా?" అన్నాడు.

"కంపెనీ సరుకన్నారు" అంది అమ్మ.

"అంటే అత్తయ్యా..."

"ఇప్పుడర్థమైంది. కంపే నీ సరుకు."

గ్యారేజీలో ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే ఆవిడ 'మీ' అనలేదు. 'నీ' అంది. పెళ్లి పందిట్లో మొదలైన మర్యాద ఆ ఒక్క అక్షరంతో కాలవలో కలిసింది. బావకి మడ్డి తగిలినప్పుడు రాని ఉలికిపాటు ఆ అక్షరానికి వచ్చింది.

"నా కూతురు కాలు బొమ్మ కాలనుకున్నావా? పిల్ల పరీక్షలో కాపీ కొడితే నేను బయటికి పంపేదాన్ని. నువ్వు పరీక్షకే పరుపేశావు కదయ్యా!"

"ఏమండీ" అంది అక్క. గొంతు చాలా మెల్లగా వచ్చింది. "మన వంటింటి కుళాయికి ఈమధ్య పైపు మార్పించారు. అది కొత్తదేనా?"

బావ గొలుసువైపు చూశాడు. దూలంవైపు చూశాడు. చూడ్డానికి గ్యారేజీలో ఎన్ని వస్తువులుంటాయో అన్నింటినీ చూశాడు, భార్యని తప్ప.

అక్క ఫోను బల్లమీద పెట్టి, గుమ్మం బయటికి వెళ్లి, గోడ పట్టుకుని వంగింది. అక్కణ్ణించి వచ్చిన చప్పుళ్లు మాటలు కావు. అమ్మ వెళ్లి వీపు నిమిరింది.

అన్న స్పానరు తీసుకుని రెండువైపులా గొట్టాలు ఊడదీయడం మొదలెట్టాడు. ఒక్కో బోల్టు ఊడదీస్తూ తనని తనే తిట్టుకుంటున్నాడు. "ఒక్కసారి కొట్టి చూస్తే తెలిసేది. ఒక్కసారి. సిగ్గేసింది, బావ సరుకుని కొడితే బాగుండదని. థూ!" ఊడదీసినవాటిని చేత్తో పట్టుకోలేక కాలితో బయటికి దొర్లించాడు.

అమ్మ వెనక్కి వచ్చింది. "ఇక బదిలీయేనే" అంది. కోపం లేదు, అలసట ఉంది. డాక్టరమ్మ తలూపింది. వేలికంటిన నలుపు సబ్బుతో ఎంత రుద్దినా పోవడం లేదు.

అన్న చేతిలో స్పానరు ఆగింది. "బావా, నువ్వు తెచ్చింది రెండు జతలు కదా. రెండోది నీ గోడౌన్లోనే ఉందిగా?"

"ఉంది" అన్నాడు బావ, కాస్త తొందరగా.

"చూపించు. దాన్ని కూడా కోసి పారేద్దాం. ఇంకెవడికీ తగిలించకుండా."

"ఉంది అంటే... ఉండేది."

డాక్టరమ్మ కుళాయి కట్టేసింది.

"కాంపౌండరు పొద్దున్నే గోడౌనుకి వచ్చాడు" అన్నాడు బావ. డాక్టరమ్మ మళ్లీ బండెక్కేదాకా కొండ డ్యూటీ చూస్తున్న కాంపౌండరు ఆయన, రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి. "పై మందలో గేదె ఈనలేక అవస్థ పడుతోందట. ఆస్పత్రి పాత ఏటీవీ వేసుకుని వచ్చాడు. డాక్టరమ్మ బండికి బార్లు పెట్టారటగా, నాకూ పెట్టమన్నాడు. పెట్టాను."

"కాంపౌండరు జీపులో చుట్టుదారిన వెళ్లాడని కదా పొద్దున నువ్వు నాకు చెప్పావు!" అంది డాక్టరమ్మ. ఆమె నోట్లో కూడా 'మీరు' మిగల్లేదు.

"బార్లు పెట్టించుకున్నా, ఇవాళ్టికి జీపులోనే వెళ్దామనుకున్నాడు. నేనే చెప్పా, బార్లున్నాయిగా, టెస్టయిన సరుకు, నిటారు దారిన వెళ్తే తొందరగా వెళ్తారు, గేదె బతుకుతుందని." బావ బూటు మళ్లీ నేలకి రాశాడు. "మీకు ముందే చెబితే పరీక్షకి ముందు తగిలించానని గొడవ చేస్తారనుకున్నా. అందుకని జీపన్నా."

అన్న మెల్లగా అడిగాడు. "బిగించిందెవరు?"

"నేనే. ముందర క్లాంపు వేశా. వెనక క్లాంపు సైజు కుదర్లేదు. గట్టి వైరుతో కట్టా."

అమ్మకీ, గోడ పట్టుకుని తిరిగొచ్చిన అక్కకీ అర్థమయ్యేలా అన్న ఊడదీసిన గొట్టాన్ని కాలితో బండి పక్కకి నెట్టి చూపించాడు. "ముందర బిగింపు ఉంటుంది. వెనక వైరు తెగుతుంది. అప్పుడీ చివర వచ్చి వెనక చక్రంలో దూరుతుంది. ఎక్కేటప్పుడు దూరితే బండి ఆగిపోతుంది. దిగేటప్పుడు దూరితే బండి ఆగుతుంది, మనిషి ఆగడు."

డాక్టరమ్మ అప్పటికే కాంపౌండరుకి ఫోను చేస్తోంది. కొండమీద సిగ్నలుకి బారూ లేదు, గీతా లేదు. అందుబాటులో లేరని గొంతు మూడోసారి చెబుతుండగానే కట్టేసింది. గేదెకి దూడని తీయడానికి ఎంత సేపు పడుతుందో ఆమెకి తెలుసు. తీసేసి ఉంటాడు. చేతులు కడుక్కుంటూ ఉంటాడు. తర్వాత దిగడమే.

జీపు చుట్టూ తిరిగి వెళ్లేసరికి అంతా అయిపోతుంది. నిటారు దారిలో ఎక్కగలిగింది ఒక్కటే. అది ఎదురుగానే ఉంది, పక్కలు బోడిగా, ఎముకలు బయటపడి, ఏ అడ్డూ లేకుండా.

ఆమె రెండడుగులు బండివైపు వేసింది. ఆగింది. అమ్మవైపు తిరిగింది.

అమ్మ గరిట అక్క చేతికిచ్చింది. చీరకొంగు నడుంచుట్టూ తిప్పి బిగించింది. "ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఎక్కు."

"అమ్మా..."

"ఎక్కమన్నానా?" ఇసుక నిండిన ప్యాంటుని రెండు చేతులా సీటుమీంచి కిందికి లాగిపడేసి, ఆ ఖాళీలోకి తనే ఎక్కి, వెనక్కి జరిగి కూర్చుంది. "ఒంటరిగా పంపితేగా దిగులు. బండి పోనియ్."